నావ మీద సగం పేరు

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీకి పోయే రోడ్డు మీద సిరాజ్ పెయింటర్‌కు చిన్న దుకాణం ఉండేది. చెరకు లారీల మీద, కిరాణా కొట్ల బోర్డుల మీద, బడి గోడల మీద ఎక్కడ చూసినా అతని చేతిరాతే. ఏ అక్షరం చూపించినా దానికి కవలపిల్లను రాసిస్తానని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పుకునేవాడు. అలాంటి మాటలు పైవాడు వింటూనే ఉంటాడు కాబోలు, ఆ ఏడు వరదలు తగ్గగానే భీమన్నను అతని మీదికి తోలాడు.

భీమన్న రెంజల్ అవతల గోదావరి రేవులో నావ నడిపేవాడు. వరదలో ఆ నావ బండకు కొట్టుకుని ముందువైపు పలకలు విరిగాయి. వడ్లాయన కొత్త పలకలు బిగించాడు గానీ, పక్కన రాసి ఉన్న 'ముత్తవ్వ' అనే పేరులో 'ము' ఒక్కటే మిగిలింది. తక్కినదంతా విరిగిన చెక్కతోపాటు ఏటిపాలైంది. ముత్తవ్వ భీమన్న తల్లి. పదేళ్ల కింద నావ కొత్తగా చేయించినప్పుడు ఆమె భర్త పోశన్న ముచ్చటపడి రాయించిన పేరు అది. ఆయన పోయి నాలుగేళ్లయింది.

సిరాజ్ రేవుకు వచ్చి, మిగిలిన అక్షరం ఎత్తూ వెడల్పూ కొలిచి, రంగు కలిపి, గంటలో 'త్తవ్వ' రాసేశాడు. రాసి, నాలుగడుగులు వెనక్కి వేసి, తనకు తానే తల ఊపుకున్నాడు. ముత్తవ్వ వచ్చి కళ్లు చికిలించి చూసింది.

"బిడ్డా, ఒక్క పేరును ఇద్దరు మనుషులు పిలిసినట్టున్నది," అంది.

"నీకు సదువే రాదు గదనే అవ్వా," అన్నాడు భీమన్న.

"సదువు రాకుంటే కండ్లు గుడ లేవార? పదేండ్ల సంది దినాం సూస్తున్న."

ఆమె అన్నది నిజమని సిరాజ్‌కు తెలుసు, అందుకే ఒళ్లు మండింది. కిరోసిన్ గుడ్డతో తుడిచి మళ్లీ రాశాడు. మళ్లీ తుడిచి మళ్లీ రాశాడు. కొలత అదే, రంగు అదే. అయినా పాత 'ము' భుజం వాల్చి దర్జాగా ఉంది, కొత్త అక్షరాలేమో బడిపిల్లల్లా బిగుసుకుని నిలబడ్డాయి.

పొద్దు వాలేసరికి భీమన్నకు ఓపిక అయిపోయింది. "మొత్తం గీకేద్దాం సిరాజ్ భాయ్. కొత్తగ రాయి. ఆయితారం నావ నీళ్లల్ల పడాలె."

ముత్తవ్వ గబగబా వచ్చి 'ము' మీద అరచెయ్యి పెట్టింది. "మీ బాపు రాయించిన దాంట్ల గిదొక్కటే మిగిలింది. దీన్ని గీకినవంటె నేను మల్ల ఈ నావ ఎక్క."

"రేపు పొద్దుగూకేదాక సూస్త. గప్పటికీ కలువకుంటె గీకుడే," అన్నాడు భీమన్న. ముసలామె చెయ్యి తియ్యలేదు. సిరాజ్ ఆమె ముఖం చూడలేక డబ్బాలు సర్దుకున్నాడు.

ఆ 'ము' ఎవరి చేతిదో అతనికి చూసిన క్షణమే తెలుసు. తనకు కుంచె పట్టడం నేర్పిన దస్తగిర్ ఉస్తాద్‌ది. ఉస్తాద్ అసలు ఉర్దూ కాతిబ్, పెళ్లి కార్డుల నుంచి కచేరీ బోర్డుల దాకా ఉర్దూలో అందంగా రాయడమే ఆయన వృత్తి. ఉర్దూ రాజభాషగా ఉన్న పాత రాష్ట్రం పోయి బోర్డులన్నీ తెలుగైపోయాక, యాభై ఏళ్ల వయసులో ఆయన తెలుగు అక్షరాలను బొమ్మల్లా చూసి నేర్చుకున్నాడు. రాయడం వచ్చింది, చదవడం రాలేదు. ఒకరోజు నలుగురు గిరాకీల ముందు సిరాజ్ ఆ సంగతి చెప్పి పకపకా నవ్వాడు. ఆ సాయంత్రమే ఉస్తాద్ అతన్ని పనికి రావద్దన్నాడు. అయిదేళ్లయింది.

మర్నాడు పొద్దున్నే సిరాజ్ ఉస్తాద్ గడపలో నిలబడ్డాడు. వాళ్ల మాటలు ఎప్పుడూ ఉర్దూలోనే.

"ఆ దినం నవ్విన ఉస్తాద్. తప్పయింది."

దస్తగిర్ కళ్లకు పొరలు వచ్చి చూపు మసకబారింది. గొంతును బట్టే గుర్తుపట్టాడు. "నవ్వినవ్ గని, అబద్ధమైతే చెప్పలే. నాకు ఇప్పటికీ సదువరాదు. లోపలికి రా."

సంగతంతా విని ఆయన ఒకే ఒక్క మాట అడిగాడు. "ఎటు దిక్కు నుంచి రాసినవ్?"

"ఎడమ నుంచి. తెలుగు అట్లనే గద రాస్తరు."

"నువ్వు రాస్తవ్. నేను రాయలే."

తెలుగు రాసేటప్పుడు ఉస్తాద్ శిష్యులను దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ఉర్దూ రాసినట్టే కుడి నుంచి మొదలుపెట్టేవాడట. చివరి అక్షరం ముందు, మొదటిది చివర. ప్రతి గీతా కుడి నుంచి ఎడమకే లాగడం. అదీ కుంచెతో కాదు, కొసను ఏటవాలుగా చెక్కి గుడ్డ చుట్టిన వెదురు బద్దతో. అందుకే అందరూ సన్నగా వదిలేచోట ఆయన అక్షరం లావెక్కేది. ఆయన తడుముకుంటూనే ఒక బద్ద చెక్కి ఇచ్చి, సిరాజ్ మణికట్టు పట్టుకుని గచ్చు మీద నీళ్లతో రెండు గీతలు లాగించాడు.

"అది తెలుగన్నది మరిచిపో బేటా. సదువకు, రాయి."

చదువుకున్నవాడికి చదవకుండా ఉండటం ఎంత కష్టమో ఆ మధ్యాహ్నం రేవులో సిరాజ్‌కు తెలిసింది. రెండుసార్లు చెయ్యి పాత దారి పట్టింది. మూడోసారి మాత్రం చివరి నుంచి ఒక్కొక్క వంపే లాగుతూ వచ్చి, పాత 'ము' పక్కన ఆగాడు. ముత్తవ్వ చాలాసేపు చూసింది. తర్వాత కొంగుతో కళ్లు ఒత్తుకుని, "గిది నేనే," అంది. సిరాజ్‌కు కడుపు నిండినట్టయింది.

ఆదివారం నావ నీళ్లలోకి దింపేముందు అతను ఉస్తాద్‌ను బస్సెక్కించి తీసుకొచ్చాడు. రంగు ఆరిపోయింది. దస్తగిర్ ముఖం పలకకు ఆనేంత దగ్గరగా పెట్టి, అక్షరాలను వేలితో తడిమాడు. ఆ వేలు కొత్త చెక్క మీద, చివరి అక్షరం దగ్గర ఆగింది.

"ఇది చూడు బేటా," అన్నాడు మురిసిపోతూ. "ఆ దినం నా చెయ్యి మంచిగ ఆడింది. ఇది రాస్తుంటే పోశన్న పక్కన నిలవడి వాహ్వా అన్నడు."

భీమన్న ఏదో చెప్పబోయాడు. ముత్తవ్వ కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకుంది.

సిరాజ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "అవును ఉస్తాద్," అన్నాడు. "ఎంత మంచిగ రాసిండ్రు."