సిపాయి గంగులప్ప అబద్ధం

సముద్రాల అవతల ద్రాసా చెరకు తోటలో జబ్బు పడ్డవాడికి కూడు లేదు. పనికి రాకపోతే బియ్యం లేదు, అంతే. ఈ చట్టం పెట్టినవాడు కులంబరు, అంటే దగ్గరుండి పని చేయించే తెల్లదొర. గిర్మిట్ అనే కూలి ఒప్పందం కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నప్పుడు ఈ మాట ఒక్కడూ చెప్పలేదు, వాళ్ళ నోట్లో మట్టి పడ.

మున్సామి జ్వరంతో కూలి లైనులో, అంటే కూలీల వరస గదుల్లో, తన గదిలో పడి ఉన్నాడు. పెళ్ళాం మునియమ్మ తన వంతు బియ్యంతో గంజి కాచి వాడికి పోసి, తాను నీళ్ళు తాగి పడుకునేది. అది చూసి పక్క గది గంగులప్ప భగ్గుమన్నాడు. గంగులప్ప పాత సిపాయి. బర్మా యుద్ధంలో శత్రువులకు చిక్కి, చెరలో రాళ్ళు మోసి, ఎలాగో ప్రాణాలతో బయటపడ్డవాడు.

"ఆ బర్మావోళ్ళు మమ్మల్ని కట్టేసినారు, తన్నినారు. అయినా జొరమొచ్చినోడికి గరిటెడు గంజి పోసినారు. వాళ్ళు పగోళ్ళమ్మా. ఈయన మనల్ని పనికని పిలిపించుకున్న దొర," అన్నాడు.

చెరలో ఖైదీలకు ఒక కట్టుబాటు ఉండేది. ఎవరి ముద్ద వాళ్ళు నోట పెట్టుకునే ముందు, పిడికెడు తీసి రోగి ఆకులో వేయాలి. దాన్నే గంగులప్ప లైనులో పెట్టాడు. ఎసట్లో బియ్యం పోసే ముందు ప్రతి గదివాళ్ళూ మునియమ్మ కుండలో పిడికెడు వేశారు. మున్సామి కళ్ళు తెరిచాడు.

అంతటితో ఊరుకున్నాడా గంగులప్ప మహానుభావుడు? పైఅధికారికి ఉన్నదున్నట్టు చెప్తే న్యాయం జరుగుతుందని పల్టన్లో నేర్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది? పొద్దున్నే కులంబరు ముందు నిటారుగా నిలబడి సలాం కొట్టాడు. "దొరా, రోగికి రేషను లేదు. మేమే తలా పిడికెడు ఏసి బతికిస్తా ఉండాము," అని విన్నవించాడు.

కులంబరు నవ్వాడు. "పక్కవాడికి పెట్టేంత మిగులుతోందా? అయితే అందరికీ బియ్యం తగ్గించు," అని కూలీల మేస్త్రి సర్దారు రామ్ లాల్‌కు చెప్పాడు.

ఆ సాయంత్రం లైనంతా గంగులప్ప మీద విరుచుకుపడింది. ఉత్తరాది నుంచి వచ్చిన కూలి కుంతి అయితే హిందుస్తానీలో వాడి ఏడు తరాలనూ కడిగేసింది. గంగులప్ప తన బియ్యమంతా మునియమ్మ కుండలో కుమ్మరించి గుమ్మంలో కూలబడ్డాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"ఆయన్ని నాయం చేసే దొర అనుకుంటివి అన్నా. ఆడనే తప్పినావు," అంది మునియమ్మ.

కుంతి తిట్టుకుంటూనే వచ్చి పిడికెడు వేసింది. మిగతావాళ్ళూ వచ్చారు. పిడికిళ్ళు మాత్రం చిన్నవయ్యాయి.

మర్నాడు పొలంలో కులంబరు అందరినీ నిలబెట్టాడు. "నిన్న మళ్ళీ బియ్యం వేసిందెవరు? వాళ్ళకు ఇక రేషనే లేదు. సిపాయీ, నువ్వు చెప్పు."

గంగులప్ప వాడి కళ్ళలోకి సూటిగా చూశాడు. "ఎవురూ ఏయలేదు."

"మరి వాడెలా బతికున్నాడు?"

"తెలీదు."

కొరడా వీపు మీద పడింది. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే జవాబు. కులంబరు కుంతిని అడిగాడు, ఆమెకూ తెలియదు. లైనులో ఎవరికీ తెలియదు.

కొన్నాళ్ళకు మున్సామి చెరకు కత్తి పట్టుకుని తన కాళ్ళ మీద తాను నడిచి పొలానికి వచ్చాడు. వాడెలా బతికాడో ద్రాసాలో ఒక్కరూ కులంబరుకు చెప్పలేదు.