పురుగులకు వేసే పౌడర్

మూడో తొండపిల్ల నోరు తెరిచింది. మళ్ళీ మూయలేదు.

"తల పైకి పట్టుకోండి మేడం, గట్టిగా కాదు," అన్నాడు పశువుల ఆస్పత్రి డాక్టర్ రాజ్‌కుమార్.

అపర్ణ రెండు వేళ్ళతో పట్టుకుంది. చూపుడువేలంత ప్రాణం. ఇంకా ముదరని గడ్డం కింద చర్మం నల్లబడింది. వెనక కాళ్ళు ఆగకుండా వణుకుతున్నాయి. నోటి వెంట జిగురు కారుతోంది.

"బుఖార్ కాదు ఇది. విషం," అన్నాడు డాక్టర్. సరిహద్దు పట్నం కొంటలో ఆరేళ్ళు పనిచేసిన మనిషి, హిందీ కలిపిన తెలుగు మాట్లాడతాడు. "పొద్దున్న రెండు పోయాయన్నారు కదా? అవి కూడా ఇలాగేనా?"

"నేనప్పుడు ఇంట్లో లేను." ట్రైనింగ్ కోసం మూడు రోజులు బీజాపూర్‌లో ఉండి గంట క్రితమే బస్సు దిగింది అపర్ణ. దిగీ దిగగానే ఈ పరుగు.

"ఇలాగే," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ ఆమె భర్త శివప్రసాద్. "ఇది గంగే పని. ఠాణాకు ఫోన్ చేసిన. హవల్దార్ వస్తుండు."

వాళ్ళింట్లో పనిచేసే గంగే గోడవారగా కింద కూర్చుని ఉంది. ఒళ్ళో చెప్పుల డబ్బా. అందులో వేడినీళ్ళ సీసాకు ఆనుకుని నాలుగోది, మిగిలిన ఒకే ఒక్కటి.

పదకొండు రోజుల క్రితం రాయ్‌పూర్ నుంచి వచ్చాయి ఆ నాలుగు బియర్డెడ్ డ్రాగన్ పిల్లలు, ఇళ్ళలో పెంచుకునే విదేశీ తొండలు. గాజుపెట్టె, ఒక పక్క వేడి బల్బు, పైన ఎండలాంటి వెలుగిచ్చే ట్యూబు, అన్నీ ముందే అమర్చి పెట్టుకుంది అపర్ణ. వాటిని చూసి మొదటిరోజు గంగే పడీపడీ నవ్వింది. "మా ఊళ్ళ తొండలు కంచె మీద పడుంటయ్. వీటికి గాజు మేడ, రెండు దీపాలు! పోయిన జన్మల సేఠ్‌లేమో అక్కా ఇవి." మూడోరోజుకల్లా ఆ ఇంట్లో వాటిని అందరికంటే బాగా చూసేది గంగేనే. పిల్ల రెండు కళ్ళ మధ్య ఎంత జాగా ఉందో అంతకు మించిన కీచురాయి పురుగును పెట్టేది కాదు. మునగాకు పొడిపొడిగా తరిగేది. దూదితో మూతి మీద ఒక్కో నీటిచుక్క వదిలి, నాకే వరకు కాచుకుని కూర్చునేది.

"అది ఎందుకు చంపుతుంది?" అంది అపర్ణ.

"ఇంట్ల తొండలు తిరిగితే దరిద్రమని అన్నది ఇదే గదా."

"అది పెద్దమ్మ అన్నది సేఠ్, మీ అమ్మ," అంది గంగే, నేలనే చూస్తూ. "నేను గాదు."

"చూసినవా నోరు!"

"గొడవ తర్వాత," డాక్టర్ గొంతు పెంచాడు. "ఏ విషమో నాకు తెలియాలి. పురుగుమందుల్లో రకాలున్నాయి. ఒకదానికి ఇచ్చే ఇంజెక్షన్ ఇంకోదానికి ఇస్తే ఇంత చిన్న ప్రాణం తట్టుకోదు. నాలుగోది బతకాలంటే చెప్పండి. మూడు రోజులుగా ఏం తిన్నాయి?"

"కీచురాళ్ళు, మునగాకు, నీళ్ళు," అంది అపర్ణ. "కీచురాళ్ళ మీద చల్లే కాల్షియం పౌడర్."

"డబ్బా ఉందా?"

ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు బీరువా మీది డబ్బాను సంచిలో పడేసుకుంది అపర్ణ. తీసి ఇచ్చింది. డాక్టర్ దాన్ని తిప్పి చూసి, ఆమె ముందే బల్ల మీద పెట్టాడు.

సీలు విప్పలేదు.

పాత డబ్బా బుధవారమే ఖాళీ అయింది. అయిపోయిందని గంగే బీజాపూర్‌కు ఫోన్ చేసి చెప్పింది కూడా. మరి బుధవారం నుంచి ఇవాళ్టి దాకా గంగే చల్లింది ఏమిటి?

ఆ రోజు మాట్లాడిన మాటలు ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. సిగ్నల్ సరిగా లేదు. భర్తకు ఫోన్ చేసి గట్టిగా అరిచింది: "పురుగులకు వేసే పౌడర్ గంగేకి ఇయ్యండి. బీరువా మీద..." అక్కడ కట్ అయింది. ఆయన తిరిగి ఫోన్ చేయలేదు. ఇచ్చేశాడనుకుంది.

పురుగులకు వేసే పౌడర్. ఆమెకు అది కీచురాళ్ళ మీద చల్లే కాల్షియం. చింతపండు గోదాం నడిపే మొగుడికి?

"గంగే, నువ్వు చల్లిన పౌడర్ ఎక్కడిది?"

గంగే చూపు శివప్రసాద్ బూట్ల మీద ఆగింది.

"దాన్ని అడుగుడేంది? ఠాణాల అడుగుతరు," అన్నాడతను.

బల్ల మీద మూడోదాని కాళ్ళు ఆగిపోయాయి. డాక్టర్ స్టెతస్కోప్ ఆనించి, కాసేపటికి తీసేశాడు. దూరంగా వానలో జీపు వస్తున్న చప్పుడు.

అపర్ణ కింద కూర్చుంది. డబ్బాలోంచి నాలుగోదాన్ని తీసి గంగే అరచేతిలో పెట్టింది. దాని తోక అప్పుడే అదరడం మొదలుపెట్టింది.

"నువ్వు చెప్పకపోతే ఇది కూడా పోతది గంగే."

గంగే పెదవులు కదిలాయి. "తెల్ల పొడి అక్కా. కాగితం పొట్లం. చింతపండు బస్తాల కింద చల్లుతరు గదా, ఆ వాసన. కీచురాళ్ళు కూడ జల్దీ చస్తున్నయ్. కొత్త మందేమో, గిట్లనే ఉంటదేమో అనుకున్న. అక్క పంపింది గదా అనుకున్న."

డాక్టర్ అప్పటికే అలమార తెరిచాడు. "గోదాంలో వాడేదా? పేరేంటి సేఠ్‌జీ? మీ గోదామే కదా!"

శివప్రసాద్ గుమ్మంలోంచి రోడ్డు వైపు చూశాడు. డాక్టర్ ఇంకోసారి అడిగాడు, ఈసారి అరిచాడు. అప్పుడు నెమ్మదిగా ఆ మందు పేరు చెప్పాడు.

సూది దిగింది. పిల్ల కదల్లేదు. ఊపిరి మాత్రం ఉంది, ఉండీ లేనట్టు.

"ఈ పేరు పొద్దున్నే చెప్పి ఉంటే రెండు దక్కేవి," అన్నాడు డాక్టర్.

"పొద్దున్న ఆయనకు తెలియదేమో," అంది అపర్ణ. తెలియదనే అనుకోవాలని ఉంది ఆమెకు.

గంగే ఏడుపు అప్పుడు బయటపడింది. "మొదటిది పోంగనే సేఠ్ వచ్చి పొడి కలిపిన డబ్బ కడిగిండు. పొట్లం కాలబెట్టిండు. నీ చేత్తోనే వేసినవ్ గదా, ఎవరి చెయ్యి అని అడుగుతరు పోలీసులు, నోరు మూస్కో అన్నడు. నా చేత్తోనే వేసిన అక్కా. నిజమే గదా."

"పొరపాటైంది," అన్నాడు శివప్రసాద్, గొంతు తగ్గించి. "నువ్వు సక్కగ చెప్పలే ఫోన్ల. తొండల కోసం ఇంటి పరువు తీస్తవా? అది మన్యం మనిషి, రెండు రోజులు కూసోబెట్టి వదిలేస్తరు."

వదిలేస్తారని అతనికీ నమ్మకం లేదు. ఠాణా పుస్తకంలో ఒకసారి పేరెక్కిన మనిషిని ఆ తర్వాత ప్రతి గొడవకూ పిలుస్తారని ఆ గదిలో అందరికీ తెలుసు.

హవల్దార్ తడి టోపీ దులుపుకుంటూ లోపలికొచ్చాడు. శివప్రసాద్‌కు నమస్తే పెట్టి, గంగేను ఎగాదిగా చూసి, పుస్తకం తెరిచాడు.

"జహర్ కిస్‌నే దియా? నామ్ బోలో." విషం ఎవరిచ్చారో పేరు చెప్పమంటున్నాడు.

"గంగే అని రాయండి," అన్నాడు శివప్రసాద్.

గంగే లేచి నిలబడింది. అరచేతిలోని పిల్లను డాక్టర్‌కు అందించి, కొంగు సర్దుకుంది, బయల్దేరడానికన్నట్టు.

అపర్ణ ఆమెకూ గుమ్మానికీ మధ్యకు వచ్చింది. పెళ్ళైన తొమ్మిదేళ్ళలో ఆమె మొగుణ్ణి ఎవరి ముందూ పేరు పెట్టి అనలేదు. ఆయన అనేది, అత్తతోనైతే మీ అబ్బాయి అనేది.

"ఆమె పేరు కొట్టేయండి," అంది హవల్దార్‌తో. "విషం ఇచ్చింది, తెలిసీ దాచింది... శివప్రసాద్."