పెద్దావిడ వాటా

మా అత్తయ్య పేరు అతిపోక, బుట్టలల్లే మనిషి. ఘనా ఉత్తరాన మా బోల్గా ఊళ్లో బుట్ట అల్లని ఆడది లేదు గానీ, ఆవిడ అల్లినదాంట్లో నీళ్లు పోసినా కారవంటారు. ఇప్పుడు వేళ్ల కణుపులు వాచిపోయాయి. సంతలో కొన్న నొప్పి మాత్ర మింగితే తప్ప గడ్డి పట్టుకోలేదు. మింగితే కడుపులో మంట. ఆసుపత్రిలో డాక్టరు మాత్రలు మానేయమన్నాడు. "ఆయనొచ్చి అల్లుతాడా?" అని ఆవిడ ఇంటికొచ్చి ఇంకోటి మింగింది.

మా ఆడపడుచు తమాలే పట్నంలో, ఓ ల్యాబులో ఎలుకలకి మందులు పెట్టి చూసే ఉద్యోగం చేస్తోంది. ఎర్రజొన్న ఆకుతొడుగుల్లోని రంగు పట్టిస్తే, ఇవే మాత్రలు మింగిన ఎలుకల కడుపులో పుళ్లు తగ్గాయట. మాత్రలు మాన్పించేదాకా అదైనా తాగించమని ఫోనులో చెప్పింది.

"గడ్డికి అద్దే రంగు నాకు పోస్తావా, లారిబా?" అంది అత్తయ్య.

"ఎలుకలేమీ అనలేదట, అత్తయ్యా."

"వాటికి కోడళ్లుండరుగా."

రోజూ పొద్దున్నే కాచి, చల్లార్చి, సొరబుర్రలో పోసి ఆవిడ పక్కన పెట్టేదాన్ని. మధ్యాహ్నానికి ఖాళీ. నేను మురిసిపోయాను. ఆవిడ మాత్రం చిక్కిపోతూ వచ్చింది. విరేచనం నల్లగా అవుతోందని తనే చెప్పింది, నా వంటకి వంక పెడుతున్నట్టు.

అప్పుడు నా చూపు ఆవిడ నోటి మీద పడింది. ఆ రంగు ఒకసారి అంటితే వదలదు. నా గోళ్లు, గరిటె, నేను ఒలకబోసిన చోట వంటింటి నేల, అన్నీ ఎర్రనే. అత్తయ్య నాలుక మాత్రం బూడిదలా ఉంది.

మర్నాడు జొన్నలు చెరుగుతున్నట్టు నటిస్తూ వాకిట్లో కూర్చున్నాను. ఎండ నడినెత్తికొచ్చింది. అత్తయ్య సొరబుర్రతో గోడ పట్టుకుంటూ, మూసి ఉన్న గదిదాకా నడిచింది. అది మామయ్య మొదటి భార్య అజుమా గది. నేను కాపురానికి రాకముందే ఆవిడ పోయింది. అత్తయ్య ఆ గడప ముందు బుర్ర మొత్తం వంపేసింది.

పోయినవాళ్లకి రెండు చుక్కలు నేల మీద వదిలాకే మేమెవరమైనా తాగేది. చుక్కలు. బుర్ర బోర్లించం.

దగ్గరికెళ్లి చూశాను. నేల మీద ఎరుపు లేదు. తడి కూడా లేదు. అన్నాళ్లుగా పోసిన చోటు ఆ ఉదయమే అలికినంత శుభ్రంగా ఉంది.

"మరి మీరేం తాగుతున్నారు?"

"అక్క తాగాక మిగిలింది. మిగల్చడం లేదు."

"రెండు చుక్కలు పోస్తే చాలదా?"

"మొదటిరోజు అంతే పోశాను. తలుపు గోకింది."

నేను గడప నుంచి ఓ అడుగు వెనక్కి జరిగాను.

"మాత్రలు మాత్రం ఆవిడకి పెట్టకుండానే మింగుతున్నారేం?"

"అవి ఎప్పుడో పెట్టాను. నడుం నొప్పంటే సంతనుంచి నేనే తెచ్చిచ్చాను. ఆ గదిలోనే నెత్తురు కక్కుకుంది." అత్తయ్య గోడకి జారగిలబడింది. కళ్లు తిరుగుతున్నట్టున్నాయి. "ముందు చల్లబడాల్సింది ఆవిడ కడుపు కదా."

ఆసుపత్రికి రమ్మన్నాను. బతిమాలాను. అక్క తాగకుండా కదలనంది. దీనికి ఎలుకల దగ్గర జవాబు లేదు. సరే, ఆకలన్నవాళ్లకి వడ్డించడం నాకు అలవాటే. ఇంట్లో ఉన్న ఆకంతా పెద్ద బానలో కాచి, గడప ముందుకి ఈడ్చుకొచ్చి, చెంబుతో పోయడం మొదలెట్టాను.

"పెద్దత్తయ్యా, మొహమాటపడకండి. చాలనిపిస్తే చెప్పండి. చిన్నావిడ ఇంకా ఎంగిలి పడలేదు."

పోసిందల్లా పోయింది, చప్పుడు లేకుండా. నా చేతులు లాగేశాయి. బాన అడుగు కనిపిస్తోందనగా, నేల మీద చిన్న మడుగు నిలిచింది. ఎర్రగా. ఇంకలేదు. తలుపు వెనక ఎవరో బరువుగా గోడకి ఆనుకున్నారు, భోజనమయ్యాక ఆనుకున్నట్టు.

అత్తయ్య కాసేపు విని, బానలో మిగిలింది బుర్రలో ముంచుకుని తాగింది. పెదవులు ఎర్రబడ్డాయి.

"వగరు," అంది. నడుము గుడ్డలో ముడేసుకున్న మాత్రలు తీసి నా చేతిలో పెట్టింది. "పద ఆసుపత్రికి. ఆ నల్ల సంగతి నువ్వే చెప్పు, నాకు సిగ్గు."

ఆటో పిలిచాను. అత్తయ్య ఎక్కి ఓ చివరకి ఒదిగింది. పక్కన కూర్చోబోతే నన్ను రెండో చివరకి జరగమంది. మధ్యలో చోటు మిగిలింది. ఆటో ఆయన వెనక్కి చూశాడు.

"ఇంకెవరైనా రావాలా, అమ్మా?"

"ఎక్కింది," అంది అత్తయ్య. "మెల్లిగా పోనీ. ఆవిడకి ఆటో కొత్త."