నలభై మూడు సంతకాలు

మా ఊరి రేవులో టీ కొట్టు గోడ మీద ఒక బొమ్మ ఉంది. ఒంటికన్ను, పళ్ల మధ్య కత్తి, భుజాన సంచి. కింద 'ఓడ దొంగ' అని రాసి మా తాతయ్య పేరు. తాతయ్యకు రెండు కళ్లూ శుభ్రంగా ఉండేవి. కత్తి మాట దేవుడెరుగు, ఇంట్లో చేప కోస్తుంటేనే మొహం తిప్పుకునేవాడట.

ఆయన సరుకు ఓడకు కెప్టెన్. ఓడలవాళ్లు 'నిదానం కెప్టెన్' అని పిలిచేవారు. ఆకాశంలో అరచేతంత మబ్బు కనిపిస్తే లంగరు ఎత్తనిచ్చేవాడు కాదు. "మా కెప్టెన్ స్నానానికి దిగినా ముందు బకెట్ లోతు చూసుకుంటాడు" అని వెనకాల నవ్వుకునేవారు. కానీ ఇరవై రెండేళ్లలో ఆయన ఓడ మీద ఒక్క ప్రాణం పోలేదు.

అమ్మకు ఐదేళ్లప్పుడు, తిరుగు ప్రయాణంలో, ఆయనకు ఒక పక్కకు ఒరిగిపోయిన ఓడ కనిపించింది. చుక్కాని విరిగింది. దాని కెప్టెన్, అతని మనుషులు ఉన్న ఒక్క పడవా ఎక్కి వెళ్లిపోయారు. పైన మిగిలింది నలభై ముగ్గురు ప్రయాణికులు.

"గాలి తిరుగుతోందండీ, మనకెందుకు?" అన్నాడు ఓడ పనివాళ్ల పెద్ద, సరంగు.

తాతయ్య ఒక్కసారి నీళ్ల వంక చూశాడు. "తాళ్లు తీయండి" అన్నాడు. అంత త్వరగా ఆయన ఏ నిర్ణయమూ తీసుకోలేదని ఆ సరంగు తర్వాత కోర్టులో చెప్పాడు.

అందరూ దాటేదాకా ఆ ఓడ మునగకుండా ఉండాలంటే బరువు తగ్గాలి. అడుగున ఉన్న సరుకు పెట్టెలన్నీ సముద్రంలోకి తోయించాడు. తర్వాత రెండు రోజులు దాన్ని తన ఓడకు కట్టి లాక్కెళ్లి, దగ్గరలోని చిన్న రేవులో జనాన్ని దింపాడు. దింపే ముందు, ప్రయాణం సంగతులు రోజూ రాసుకునే తన లాగ్ పుస్తకం తెరిచి వాళ్ల ముందు పెట్టాడు.

"రేపు ఎవరైనా పెట్టెలేవని అడుగుతారు. ఏం జరిగిందో మీరు చూశారు కదా, ఇక్కడ సంతకాలు పెట్టండి. రాయడం రానివాళ్లు వేలిముద్ర వేయండి."

ఈలోగా పారిపోయిన కెప్టెన్ మా రేవుకు చేరి, ఓడను దొంగలు దోచారని, తాను ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చానని చెప్పుకున్నాడు. ప్రయాణికులను వదిలేసి వచ్చానని ఎవరు చెప్పుకుంటారు? మూడో రోజు తాతయ్య రేవులోకి వచ్చాడు. వెనక అదే ఓడ. అందులో సరుకు లేదు, మనుషులు లేరు. ఇంకేం కావాలి?

"నా పుస్తకం చూడండి" అని కోర్టులో ఆయన మూడుసార్లు అడిగాడట. దొంగ రాసుకున్న పుస్తకం సాక్ష్యం కాదన్నారు. సరంగును తోడుదొంగ అన్నారు. ప్రయాణికులు ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయారు, వాళ్లకు ఈ సంగతే తెలియదు. తాతయ్యకు పద్నాలుగేళ్ల జైలు పడింది.

అమ్మమ్మ చివరిదాకా ఆయన మాటే నమ్మింది. ఆయన జైలుకెళ్లిన మూడో ఏడు తిరక్కముందే పోయింది. తర్వాత అమ్మను పెంచింది చిన్నమ్మమ్మ. బడిలో 'దొంగ కూతురా' అని పిలుస్తుంటే, ఆవిడ అమ్మకు ఇంటిపేరు మార్చింది. "మీ నాన్న చేసిన పనికే మీ అమ్మ మంచం పట్టింది. ఆ మనిషి పేరు ఈ ఇంట్లో ఎత్తకు" అని చెప్పింది. అమ్మ ఎత్తలేదు.

పంతొమ్మిదేళ్ల వయసులో అమ్మ సొంతంగా కుట్టు కొట్టు పెట్టుకుంది. ఒక మధ్యాహ్నం గుమ్మంలో ఒక తెల్ల గడ్డం మనిషి నిలబడ్డాడు.

"అమ్మాయీ, నేను..."

"మీరెవరో తెలుసు."

"ఒక్క ఐదు నిమిషాలు కూర్చుని, ఏం జరిగిందో చెప్పనా?"

"మా అమ్మకి చెప్పాల్సింది. ఆవిడ లేదు. వెళ్లండి."

"అలాగేనమ్మా" అన్నాడట. రెండడుగులు వేసి ఆగాడు. "ఆ మిషను కిటికీకి దూరంగా జరుపుకో. ఉప్పుగాలికి తుప్పు పడుతుంది."

ఆయన అదే ఊళ్లో, రేవు అవతలి చివర, తాళ్లు పేనే కార్ఖానాలో చేరాడు. తొమ్మిదేళ్లు పనిచేశాడు. అమ్మ ఆ వీధిన నడవడం మానేసింది. ఆయన పోయారని కబురొస్తే, చేతిలో పనుందని చెప్పి పంపేసింది.

ఏడాదిన్నర గడిచాక ఒక పెద్దావిడ కొట్టుకు వచ్చింది. రేవులో బొమ్మ చూసి, పేరు చదివించుకుని, ఆరా తీసుకుంటూ వచ్చింది.

"నిదానం కెప్టెన్ గారి అమ్మాయివి నువ్వేనా? ఆ బొమ్మేమిటమ్మా? ఆయన దొంగేమిటి? మా కెప్టెన్ దిగిపోయిన ఓడలోకి మీ నాన్నగారు ఎక్కారు. నా చంటిదాన్ని కోటులో పెట్టి బొత్తాలు వేసుకుని, తాడు పట్టుకుని తన ఓడలోకి దాటించారు. దానికిప్పుడు ఇద్దరు పిల్లలు."

అమ్మ కత్తెర కింద పెట్టి ఆవిడకు పీట వేసింది.

"నేను వేలిముద్ర కూడా వేశానే, చంటిదాని చేతా వేయించాను. ఆ పుస్తకం మీ ఇంట్లో లేదూ?"

పుస్తకం కోర్టు దగ్గరే ఉండిపోయింది. అమ్మ ఏడు నెలలు కోర్టు రికార్డుల గది చుట్టూ తిరిగింది. "పాతికేళ్ల నాటిది, చెదలు తినేసి ఉంటుంది" అనేవాడు గుమాస్తా. చివరికి ఒక అటక మీద దొరికింది. చుట్టూ కట్టిన దారం మీద లక్క ముద్ర చెక్కుచెదరలేదు.

గుమాస్తా దారం కోశాడు. లోపల నలభై మూడు సంతకాలు, వేలిముద్రలు. "ఒక్కడు కూడా విప్పి చూడలేదమ్మా దీన్ని" అని కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు. సంతకాల కింద తాతయ్య చేతిరాత: 'అందరూ క్షేమం. ఇంటికి రెండు రోజులు ఆలస్యం. అమ్మాయి అలుగుతుంది.'

కేసు మళ్లీ తెరిపించడానికి ఇంకో ఐదేళ్లు పట్టింది. తాతయ్య, ఆయన మనుషులు నిర్దోషులని తీర్పు ఒకే ఒక్క కాగితం మీద వచ్చింది. టీ కొట్టు ఆయన ఆ కాగితం చదివి, "నిజమే కానీ, బొమ్మ తీసేస్తే నా కొట్టెవరు గుర్తుపడతారమ్మా?" అన్నాడు. బడిపిల్లలను తీసుకొచ్చే మాస్టార్లు ఇప్పటికీ దాని ముందే నిలబడి కథలు చెబుతారు.

తీర్పు వచ్చిన సాయంత్రమే అమ్మ నన్ను వెంటబెట్టుకుని తాళ్ల కార్ఖానాకు వెళ్లింది. ఆయన పక్కన కూర్చుని పనిచేసిన ముసలమ్మ ఇంకా అక్కడే పీచు విడదీస్తోంది.

"నా గురించి ఏమైనా అనేవారా?" అని అడిగింది అమ్మ.

"నీ కొట్టు మీదుగా వచ్చే వాళ్లందరినీ అడిగేవాడు, దానికి చేతినిండా పనుందా అని. ఓసారి నేనే తిట్టబోయాను నిన్ను. ఊరుకోమన్నాడు. చిన్నపిల్లకి చెప్పినవాళ్లు అలా చెప్పారు, అదేం చేస్తుంది అన్నాడు."

అమ్మ తాళ్ల చుట్టల మధ్య కూలబడి ఏడ్చింది. అమ్మ అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. పనివాళ్లు చక్రం ఆపేశారు. కాసేపటికి అమ్మ లేచి, ముక్కు చీదుకుని, వాళ్లందరికీ తీర్పు పైకి చదివింది. ఆయన పేరు వచ్చిన ప్రతిచోటా ఆ పేరు వదిలేసి, "మా నాన్న" అని చదివింది.