దీపం దాకా మోకు

నేను ఒక మోకుని. కొబ్బరి పీచుతో పేనిన, మూడు వేళ్ళంత లావు మోకుని. ఉప్పెన వచ్చిన ఏడు, తొలకరికి ముందు పుట్టాను. మా వైపు ఏళ్ళను అలాగే చెప్పుకుంటారు. ఫలానా పిల్ల ఉప్పెనకు ముందు పుట్టింది, ఫలానా పెళ్ళి ఉప్పెన వెళ్ళిన రెండో ఏడు జరిగింది అంటారు. క్యాలెండరు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. దాని మీద దేవుడి బొమ్మ చూసుకుంటారు.

మా ఊరు ఇసుకమొగ పాలెం. కాలవ సముద్రంలో కలిసే చోట ఉంటుంది. అందరూ వేట మీద బతికేవాళ్ళే. కొబ్బరి డొక్కల్ని ఉప్పునీటి గుంటలో నెలల తరబడి కుళ్ళబెట్టి, కర్రలతో బాది, పీచు తీసి, ఎండబెట్టి నన్ను పేనారు. పుట్టుకలో నేను కంపు కొట్టాను, ఒప్పుకుంటాను. నన్ను పేనినవాడు నాంచారయ్య. అప్పటికి మీసం సరిగా రాలేదు గాని పెళ్ళయింది. అటు కొస పట్టుకుని పురి తిప్పింది అతని భార్య అంకమ్మ. పురి పురికీ ఆమె నవ్వేది. పేనేటప్పుడు నవ్వితే పురి వదులవుతుందని అతను కసిరేవాడు. కసురుతూ తనూ నవ్వేవాడు. నాలో ఒకచోట పురి కొంచెం వదులుగానే ఉండేది.

కొత్త పడవకు నన్ను కట్టారు. నా పని పట్టుకోవడం. ఆ పని నాకు బాగా వచ్చు. గాలి లాగినా, పోటు లాగినా, నేను పట్టిన పడవ ఉన్నచోటే ఉండేది.

ఆ ఊరికి ఒక ఆచారం ఉండేది. మగవాడు నీళ్ళ మీద ఉన్నంతసేపూ ఇంట్లో ఆడది దీపం ఆర్పకూడదు, గడప వదలకూడదు. వదిలితే వాడు తిరిగి రాడని నమ్మకం. ఎవరు పెట్టారో తెలియదు. అందరూ పాటించారు.

ఉప్పెన రోజున టీకొట్టు దగ్గర రేడియో ముందే చెప్పింది. ఊరు వినలేదని నేను అనను. విన్నారు. విని, ఎప్పుడూ చేసేదే చేశారు. మగవాళ్ళు పడవల దగ్గరికి పరుగెత్తారు. ఆడవాళ్ళు దీపాలు పెట్టి గడపల్లో కూర్చున్నారు. నాంచారయ్య నన్ను కాలవ గట్టున మూడు తాటిచెట్లకు చుట్టి, పడవను బిగించి కట్టాడు. అటు ఇంటి దగ్గర, మెరక మీది బడికి వెళుతున్నవాళ్ళు అంకమ్మను పిలిచారట. "మావ పడవకాడున్నాడు. వచ్చాక ఇద్దరం కలిసే వస్తాం, మీరు నడవండి" అందట. ఇది తర్వాత ఊళ్ళోవాళ్ళు చెప్పుకోగా విన్నాను.

పొద్దు వాలకముందే చీకటి పడింది. నీళ్ళు లేచి నిలబడి వచ్చాయి. నాంచారయ్య ఇంటివైపు రెండడుగులు వేశాడో లేదో నీళ్ళు అతన్ని ఎత్తి నా మీద పడేశాయి. నన్ను పట్టుకున్నాడు. తెల్లారేదాకా వదల్లేదు. నేనూ వదల్లేదు.

తెల్లారి చూస్తే పడవ ఉంది. ఊరు లేదు.

బతికి బయటపడిన ఒక ముసలాయన వచ్చి నన్ను తడిమి చూశాడు. "ఏం మోకురా ఇది, ఏనుగుని కట్టినా ఆగుద్ది" అన్నాడు. నాంచారయ్య తాటిచెట్ల నుంచి నన్ను విప్పుకుంటూ పోయాడు. ఆ రోజు నుంచి అతనికి మాటలు తగ్గిపోయాయి. మోకుల జాతికి ముసలాయన మాటకన్నా పెద్ద పొగడ్త లేదు. అయినా ఆ రోజు అది నాకు అంటలేదు. మనుషులు దేన్ని కడితే దాన్ని పట్టుకుంటాను. ఆ రోజు పడవను కట్టారు.

పడవ అమ్మేశాడు. నన్ను మాత్రం అమ్మలేదు. చుట్ట చుట్టి, మళ్ళీ కట్టుకున్న ఇంట్లో అటక మీద పడేశాడు. ఎన్నో ఏళ్ళు ఎలుకలతో కాపురం చేశాను. కింద అతనికి వేరే పడవ వచ్చింది, మళ్ళీ పెళ్ళయింది. వచ్చినామె నాగేంద్రం, మెట్ట ఊరి పిల్ల. ఇంట్లో మాటలన్నీ ఆమె వంతు. "ఈయన నోట్లోంచి మాట రావాలంటే గాలం వెయ్యాలి" అనేది వచ్చినవాళ్ళతో. అతను వేటకు వెళితే ఆమె కూడా దీపం పెట్టి గడపలో కూర్చునేది. వలలు తీసుకుని బయలుదేరేటప్పుడు అతను రోజూ ఒకే మాట అనేవాడు.

"గాలి మారితే నాకోసం ఆగమాక. ఎల్లిపో."

"అట్టాగే" అనేది నాగేంద్రం. ఆ అట్టాగే మీద అతనికి నమ్మకం లేదు. ఆచారం మొగుడి మాటకన్నా గట్టిదని అతనికి తెలుసు.

ఊరికి దూరంగా, నీళ్ళు నిలిచే బాడవ అవతల, గాలివానలప్పుడు జనం తలదాచుకోవడానికి స్తంభాల మీద తుపాను బిల్డింగు కట్టారు. దానికి కాలవ గట్టు మీదుగా వెళ్ళాలి. ఆ తర్వాత ఒక చిన్న గాలివాన వచ్చింది. మళ్ళీ అదే వరస. మగవాళ్ళు పడవల దగ్గర, ఆడవాళ్ళు గడపల్లో. బయలుదేరిన కొద్దిమంది వాన జల్లులో గట్టు కనపడక వెనక్కి తిరిగారు. గాలివాన పక్కకు తప్పుకుంది కాబట్టి బతికారు. తెల్లారి మా బిల్డింగు ఎంత గట్టిదో అని అందరూ మెచ్చుకున్నారు. దాంట్లోకి ఎవరూ వెళ్ళలేదు.

ఆ తర్వాతి వేసవిలో, గాలివాన వస్తే ఏం చెయ్యాలో శిక్షణ ఇవ్వడానికి సుదర్శనం గారు వచ్చారు. ప్రభుత్వం పంపిన మనిషి. బొమ్మలు చూపించి, ఉపన్యాసం చెప్పి వెళతారనుకున్నారు. ఆయన ఒక్క కోరిక కోరారు. అటక మీదున్న నేను ఇదంతా తర్వాత విన్నాను.

"ఉప్పెన వచ్చినప్పుడు ఎవరు ఎక్కడున్నారో అక్కడికి వెళ్ళి నిలబడండి. పోయినవాళ్ళ చోట్లలో వాళ్ళ ఇంటివాళ్ళు నిలబడండి."

ఒకరిద్దరు గొణిగారు. తర్వాత ఒక్కొక్కరే కదిలారు. మగవాళ్ళంతా కాలవ గట్టుకు నడిచారు. ఆడవాళ్ళంతా గడపలున్న చోట్లకు వెళ్ళారు. అంకమ్మ గడప ఉన్నచోట ఇప్పుడు ఇసుక తప్ప ఏమీ లేదు. అక్కడ నిలబడేవాళ్ళు లేరు. నాగేంద్రం ఎవరినీ అడగకుండా వెళ్ళి అక్కడ నిలబడింది.

ఊరంతా ఒకరినొకరు చూసుకున్నారు. అటు పడవల కోసం ఆగిన వరస, ఇటు వాళ్ళ కోసం ఆగిన వరస. మధ్యన, మెరకకు పోయే దారిలో, నలుగురైదుగురు. సుదర్శనం గారు ఉపన్యాసం చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకపోయింది.

నాగేంద్రమే నోరు విప్పింది. "దీపం ఆర్పకూడదన్నారు. ఇంట్లోనే పెట్టాలని ఎవరన్నారు? గాలి మారితే దీపం తీసుకుని తుపాను బిల్డింగుకి పోతాం. అక్కడే వెలిగిస్తాం. అదే మా గడప. మీరు నీళ్ళ మీంచి అక్కడికే రండి."

"ఊరవతల గడపేంటే, పిచ్చిదానా" అన్నాడు ఊరి పెద్ద పోతురాజు.

"నువ్వు కల్లుకొట్టుకి పోయినప్పుడు అదే నీ ఇల్లని మా పెద్దమ్మ ఒప్పుకోలేదా పెదనాయనా? ఇదీ అట్టాంటిదే."

ఉప్పెన నాటి చోట్లలో నిలబడే జనం నవ్వారు. పోతురాజు కూడా నవ్వాడు. ఊరి ఆచారం చెడలేదు, చోటు మారింది. పెద్దలు ఒప్పుకోవడానికి ఆ మాత్రం చాలు.

ఆ సాయంత్రం నాంచారయ్య అటక ఎక్కి నన్ను దించాడు. దులిపాడు. తెగిన పురులు తీసేసి కొత్త పీచు కలిపాడు. పొడవు చాలలేదు. ఇంటికొక బార చొప్పున ఊరంతా పేని తెచ్చి నాకు కలిపారు. అల్లికలో పోతురాజు వంతే అందరికన్నా వంకర. ఇప్పుడు నాలో మొదటి పీచు ఎంత ఉందో నాకే తెలియదు. అయినా నేనే. మనుషుల సంగతి కూడా ఇంతే కదా.

గట్టు వెంట గుంజలు పాతి, నడుమెత్తున నన్ను కట్టారు. ఊరి దారి చీలేచోట ఒక ముడి. తూము దగ్గర రెండు ముళ్ళు. మెట్ల దగ్గర మూడు. కళ్ళు పనిచెయ్యకపోయినా చెయ్యి చదువుకుంటుంది. ప్రతి ఏడూ గాలివానల కాలానికి ముందు ఊరంతా కళ్ళకు గుడ్డ కట్టుకుని నన్ను పట్టుకుని నడిచేది. ముందు పడవలు కట్టడానికి ఒక కేక, తర్వాత అందరూ కదలడానికి ఒక కేక. మొదట్లో పక్క ఊరివాళ్ళు ఆటపట్టించారు. "ఏం మావా, గుడ్డోళ్ళ తిరనాళ్ళు ఎప్పుడు?" అనేవాళ్ళు. నాంచారయ్య వినపడనట్టు ముడులు బిగించుకునేవాడు.

అసలు గాలివాన మళ్ళీ వచ్చింది. మొదటి కేకకే పడవలు కట్టారు. రెండో కేకకు అందరూ కదిలారు. నాంచారయ్యది చివరి పడవ. అతను కట్టి వచ్చేసరికి గట్టు నీళ్ళ కింద ఉంది. నీళ్ళు రొమ్ములదాకా వచ్చాయి. చెయ్యి చాస్తే వేళ్ళు కనపడవు. నన్ను పట్టుకుని ఒక్కో గుంజా దాటుతూ వచ్చాడు.

ఒక ముడి దగ్గర ఆగాడు.

ఎడమకు తిరిగితే ఇల్లు. తిన్నగా పోతే తుపాను బిల్డింగు. నాగేంద్రం గడపలోనే ఆగి ఉంటే, అతను తిన్నగా పోతే ఆమె పోతుంది. ఆమె వెళ్ళిపోయి ఉంటే, అతను ఎడమకు తిరిగితే అతను పోతాడు. అతని పిడికిలి నా మీద ఎంత బిగిసిందంటే, నేను పట్టిన పడవ కూడా నన్ను అంతగా లాగలేదు. ఏళ్ళ తరబడి వినపడిన ఆ "అట్టాగే" అతని చెవుల్లో ఉందని నాకు తెలుసు.

ఎడమ చెయ్యి ఊరివైపు చాచాడు. గాలిలో ఆగింది. మళ్ళీ వచ్చి నా మీద పడింది.

తిన్నగా నడిచాడు. రెండు ముళ్ళు. మూడు ముళ్ళు. మెట్లెక్కితే పైన తలుపు దగ్గర లాంతరు, దాని పక్కన చీర చెంగు అడ్డం పెట్టుకుని నాగేంద్రం.

"ఇంత ఆలీసమా? కిరసనాయిలు అయిపోవస్తంది ఇక్కడ" అంది.

అతను ఆ దీపాన్ని చూశాడు. "బాగా పెట్టావు" అన్నాడు. వాళ్ళ కాపురంలో అది పెద్ద ఉపన్యాసం.

ఆ గాలివానలో ఇళ్ళు పోయాయి. వలలు పోయాయి. ఒక్క మనిషీ పోలేదు. ఇది చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

ఆ మాట ఎక్కడెక్కడికో వెళ్ళినట్టుంది. కొన్నేళ్ళకు సుదర్శనం గారు ఒకామెను తీసుకొచ్చారు. పేరు మార్లీన్. కరీబియన్ సముద్రంలో ఒక చిన్న దీవి ఆమెది. అక్కడ గాలివానలకు మనుషుల పేర్లు పెడతారట. ఆ పేర్లతోనే ఏళ్ళు చెప్పుకుంటారట. అది విని ఊరివాళ్ళకు ఆమె దూరపు చుట్టంలా అనిపించింది. జనానికి శిక్షణ ఇవ్వడం ఆమె పని. కళ్ళకు గుడ్డ కట్టుకుని నన్ను పట్టుకుని చివరిదాకా నడిచింది. తూము దగ్గర జారి, బురద పూసుకుని, నవ్వుకుంటూ మెట్లెక్కింది.

ఆమెను నాంచారయ్య ఒకటే అడిగాడు. సుదర్శనం గారు మధ్యలో తర్జుమా చేశారు.

"మీ ఆడోళ్ళు దేనికోసం ఆగుతారమ్మా?"

ఆమె నవ్వు పోయింది. "రేకు కప్పులు ఎగిరిపోతాయని మగవాళ్ళు చివరిదాకా మేకులు కొడుతుంటారు. వాళ్ళు దిగనిదే ఆడవాళ్ళు కదలరు. మా అమ్మ అలాగే ఆగింది" అంది. కళ్ళకు కట్టుకున్న గుడ్డను మడుస్తూ, "మేము జనానికి ఎటు వెళ్ళాలో నేర్పుతున్నాం. దేనికోసం ఆగుతున్నారో అడగలేదు" అంది.

నాగేంద్రం ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "అయితే ముందు మేకులు కొట్టడానికి ఒక కేక పెట్టండమ్మా. ఊరంతా కలిసి కొట్టండి, తొందరగా అయిపోద్ది. తర్వాత రెండో కేక."

నాంచారయ్య కత్తి తీశాడు. నాలోంచి ఒక బార కోసి, దారిలోని మూడు గుర్తుల ముళ్ళూ వేసి ఆమె చేతిలో పెట్టాడు. ఎక్కడ ఏ ముడి వెయ్యాలో వేళ్ళతోనే చూపించాడు. కోసినప్పుడు నొప్పి పుట్టలేదు. ఒక పడవను పట్టుకోవడానికి పుట్టినదాన్ని. ఇప్పుడు రెండు సముద్రాల ఒడ్డున ఉన్నాను. కాస్త గర్వపడితే తప్పేంటి?

మర్నాడు పొద్దున్నే నాంచారయ్య మెట్ల మీద కూర్చుని, నా తెగిన చోట కొత్త పీచు కలిపి పేనాడు. అటు కొస నాగేంద్రం పట్టుకుని పురి తిప్పింది. అతను ఏమన్నాడో ఏమో, ఆమె నవ్వింది. అతను కసరలేదు. ఆ తర్వాత నన్ను గుంజలకు కట్టి, ఊరి వైపు కొసకు వెళ్ళి, కళ్ళు మూసుకుని, చెయ్యి నా మీద వేసి మెట్లదాకా నడిచి చూసుకున్నాడు.