బస్తాకి గుప్పెడు లైసిన్

చేపల మేత మిల్లులో మేత పాళ్లు చూసే అతన్ని అందరూ లైసిన్ బాబు అంటారు. నోరు తెరిస్తే అదే గోల మరి! లైసిన్ అనే పోషకం చేప ఒంట్లో తయారుకాదు, మేతలోంచే అందాలి, చాలకపోతే ఎంత మేసినా ఎదగదు. ఈ ముక్క యజమాని చెవికెక్కితేనా? "దండగ ఖర్చు, తీసెయ్" అంటాడు. చివరికి పరీక్ష పెట్టుకున్నారు. రెండు తొట్లు, పది వారాలు. ఒకదానికి లైసిన్ ఉన్న మేత, రెండోదానికి లేనిది. తేడా కనబడకపోతే మిల్లు మొత్తం మీద లైసిన్ బంద్. చెరువుల్లో లక్షల చేపలు గిడసబారిపోతాయని అతని బెంగ.

మేత వేయడానికి నమ్మకమైన మనిషి కావాలని, కోరి కోరి సొంత మేనత్తను పెట్టించాడు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

పదో వారం తూకం వేశారు. రెండు తొట్ల చేపలూ సమానంగా తూగాయి. యజమాని మొహం చేటంతయింది.

అతను అత్తను పంపు వెనక్కి లాక్కెళ్లాడు. "నిజం చెప్పత్తా, రెండో తొట్టికి ఏం వేశావు?"

"నువ్విచ్చిందే. దానిమీద పక్క తొట్టి మేత డబ్బాలోది పూటకో గుప్పెడు. ఏరా, వాటికి మంచిది పెట్టి వీటికి పిప్పి పెడితే పాపం తగలదూ?"

"కొంప ముంచావు కదా!"

పరుగున వెళ్లి యజమానికి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆయన తొడ చరిచాడు. "అయితే గుప్పెడు చాలన్నమాట! ఇకమీదట బస్తాకి గుప్పెడు లైసినే. మీ అత్తనే కలపమను, చెయ్యి అలవాటుపడింది."

"ఆవిడ వేసింది మేత సార్, లైసిన్ కాదు!"

"ఏదైనా గుప్పెడేగా."

అతనికి ఏడుపొక్కటే తక్కువ. బస్తాకి గుప్పెడు ఏ మూలకి? నెల తిరిగాక భయం భయంగా మేతను పరీక్షిస్తే, లైసిన్ తాను మొదట్నుంచీ అడిగినంతా ఉంది! కలిపే గదికి పరిగెత్తాడు. అత్త బస్తాలో గుప్పెడు వేసింది. పెదవి విరిచింది. మరో గుప్పెడు. "పిల్లలు గల చేపలు కూడా ఉంటాయి కదా" అని ఇంకోటి. సామాన్ల గది తాళాలు కూడా ఆవిడ కొంగునే ఉన్నాయి.

అంతలో యజమాని కబురు పెట్టాడు. "చేపలు నిగనిగలాడుతున్నాయట! బస్తాకి గుప్పెడు చాలని పెద్ద చదువుల వాడివి నువ్వే రాసి సంతకం పెట్టు."

అతను కలం తీశాడు. నిజం చెబితే రేపట్నుంచి చేపలకు గుప్పెడే దక్కుతుంది. పళ్లు నూరుకుంటూ, గుప్పెడు చాలని రాసి సంతకం పెట్టాడు.