ఐదవ ఫారం జాబితా

ముప్పై రెండో పేరు దగ్గర చౌడయ్య కలం ఆగింది.

అది 1946 జూన్. బెజవాడ గవర్నరుపేటలోని ఆ హైస్కూల్లో ఐదవ ఫారంలోకి వచ్చే పిల్లల్లో ఎవరికి సైన్సు, ఎవరికి బుక్ కీపింగ్ అన్న జాబితా ఏటా రాసేది చౌడయ్యే. ఇంటి జమాఖర్చులూ దుకాణం పద్దులూ నేర్పే మేష్టరు కదా, అక్షరం ముత్యంలా ఉంటుందని పేరు. నలభై రెండేళ్ళ మనిషి. బట్టతల, మోచేతుల దగ్గర మాసిక వేసిన చొక్కా, వేళ్ళకు ఎర్రసిరా. బజార్లో ఎదురుపడితే పాత విద్యార్థులే గుర్తుపట్టరు.

ముప్పై రెండో దరఖాస్తు హెడ్మాస్టరు కాశీరావు కూతురు నాంచారమ్మది. సైన్సు కావాలని రాసి ఉంది. కింద తండ్రి సంతకం.

ఆ సంతకం చూసి చౌడయ్య కలం కింద పెట్టాడు. ఇరవై ఏడేళ్ళ కిందట ఇదే బడిలో కాశీరావు సైన్సు మేష్టరు. పామర్రు దగ్గర నేతగాళ్ళ ఇంటినుంచి వచ్చిన చౌడయ్య తనకు సైన్సు కావాలన్నాడు. "గుంటమగ్గంలో ఆడే చేతులురా ఇవి! గాజుసామాను పట్టడానికి పనికొస్తాయా? ఫో, పద్దులు రాసుకో" అని క్లాసంతా నవ్వేలా అని, కాశీరావు అతని పేరు కొట్టేశాడు. తెగిన నూలుపోగును కళ్ళు మూసుకుని ముడివేసే చేతులవి. ఆ జవాబు అప్పుడు నోటికి రాలేదు. తర్వాత రోజూ వచ్చింది, అన్నం ముందు కూర్చున్నా వచ్చింది. "ఇంకా ఆ గోలేనా?" అని భార్య భద్రమ్మ విసుక్కునేది. తాచుపాము పగ పన్నెండేళ్ళంటారు. చౌడయ్యది దానికి రెట్టింపు దాటింది.

నాంచారమ్మ పేరు పక్కన బుక్ కీపింగ్ అని రాశాడు. ప్రాణానికి హాయిగా ఉంది.

చౌడయ్య రాసిన కాగితాన్ని ఆ బడిలో ఎవరూ తిరిగి చదవరు. కాశీరావూ చదవలేదు, సంతకం పెట్టేశాడు. మధ్యాహ్నం టపాలో జాబితా బందరులోని సర్కారు విద్యాశాఖ కచేరీకి వెళ్ళిపోయింది. నకలు గోడకు అంటించారు. కాశీరావు గుండెలు బాదుకుంటూ ఎప్పుడొస్తాడా అని చౌడయ్య క్లాసులో కాచుక్కూర్చున్నాడు.

నాలుగింటికి ఆ పిల్ల వచ్చింది.

"మేష్టారూ, సైన్సు రానప్పుడు ఇంక బడెందుకు, మానెయ్యమంటున్నారండీ నాన్నగారు. నేను బుక్ కీపింగే చదువుకుంటానండీ. మీరొక్క మాట చెప్పండి ఆయనకి. మీరంటే ఆయనకి గురి."

చౌడయ్య కుర్చీలోంచి లేచాడు. "ఇక్కడే కూర్చోమ్మా" అని, దిద్దుబాటు కాగితం ఒకటి రాసుకుని హెడ్మాస్టరు గదిలోకి పరుగెత్తాడు.

"అమ్మాయికి సైన్సు తీసేసి బుక్ కీపింగ్ కావాలనే రాశానండీ. తప్పు నాది. దీని మీద ఒక్క సంతకం పెట్టండి, రేపటి టపాలో పంపిస్తాను."

"కావాలనా? ఎందుకు?"

"గుంటమగ్గం చేతులన్నారు నన్ను. క్లాసులో, అందరి ముందూ."

"నేనా?" కాశీరావు కాగితం మీంచి తలెత్తాడు. "ఏమోనండీ, గుర్తులేదు. ఏదైతేనేం, మేలే చేశారు. అమ్మాయి రెండురోజులు అన్నం మానేస్తే విధిలేక పెట్టాను ఆ దరఖాస్తు మీద సంతకం. గన్నవరం వాళ్ళు పెళ్ళికి తొందరపడుతున్నారు. సర్కారే ఇవ్వలేదంటే ఇంక నోరెత్తదు. మీరూ ఎత్తకండి."

ఎవడి గొంతు కోశాననుకున్నాడో వాడికి చీమ కుట్టినట్టయినా లేదు. "పిల్ల చదువుకోవాలండీ" అన్నాడు చౌడయ్య. సిగ్గు విడిచి మళ్ళీ అన్నాడు. కాశీరావు కాగితాన్ని వెనక్కి నెట్టి, గొడుగు తీసుకుని, కూతుర్ని కేకేశాడు.

గేటు దాటేటప్పుడు తండ్రి ముందు, పిల్ల వెనక. ఆమె ఆ బడికి రావడం అదే ఆఖరు.

చౌడయ్య తన క్లాసులోకి వచ్చి నిలబడ్డాడు. ముందు బల్ల మీద అట్ట వేసిన కొత్త నోటుబుక్కు ఉంది. పైన గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: కె. నాంచారమ్మ, ఐదవ ఫారం, బుక్ కీపింగ్.